తరుగు

ఎనుమాముల మార్కెట్ల అడ్తి మూసేసి
సోమనర్సయ్య సేటు అమ్మకానికి పెట్టిన డెస్క్‌టాప్
రెండువేల ఎనిమిదివందలకు తెచ్చుకున్న.

యాకూబ్‌పాషా మూత ఇప్పంగనే
ఇద్దరం తుమ్మినం, ఆపకుండ పదకొండు సార్లు.
ఫ్యాను రెక్కల మీద
ఎన్ని సీజన్ల మిర్చో
ఎర్రగ అట్టకట్టి ఉన్నది.
"వైరస్ గాదక్కా, తేజ రకం" అన్నడు
రంగులేసే బ్రష్షుతోటి దులుపుకుంట.

నాకు కావాల్సింది ఒక్కటే,
అక్షరాలతోటి లెక్క చేసే సాఫ్ట్‌వేర్.
పైసలు అడగనిది.
నా నోటుబుక్కుల సమీకరణాలు
మార్జిను దాటి, అట్ట దాటి
హన్మకొండ బస్సు టికెట్ల వెనుకకు ఎక్కినయి.

రోజుకు ఒకటిన్నర జీబీ ఫోను డేటా.
మూడు రాత్రులు దించిన.
కాజీపేట దిక్కు గూడ్సుబండి పోయినప్పుడల్ల
సిగ్నల్ ఒక్క గీతకు పడేది.
అది నీ భ్రమ అన్నడు యాకూబ్.
కావచ్చు.

నాలుగో పొద్దు నల్లటి తెర, తెల్లటి రాత.
ఒక లైబ్రరీ లేదన్నది.
అది తెస్తే, దానికింకోటి కావాలన్నది.
పెండ్లిపిలుపుకు పోతే
చిన్నమ్మను పిలిచినవా,
చిన్నమ్మ ఆడిబిడ్డను పిలిచినవా,
ఆమె అలిగి ఉన్నది తెలుసా, అన్నట్టు.
అందరినీ పిలిచిన.
అప్పుడు చెప్పింది:
జాగ లేదు.

డీ డ్రైవు నిండ అడ్తి ఖాతాలు.
సీజనుకొక ఫోల్డరు, ఊరికొక ఫైలు.
నల్లబెల్లి. గూడూరు. మొగుళ్ళపల్లి. చిట్యాల.
"కొట్టేయక్కా, సేటే ఇచ్చిండు గద."
డిలీట్ మీద వేలు పెట్టి
ఒక్కటి తెరిచిన.
తెరవకుంటే అయిపోవు.

బానోతు సక్కి, బస్తాలు పదిహేడు.
తరుగు, బస్తాకు రెండు కిలోలు.
తాలు కాయ పేరు మీద ఇంకో కిలో.
కమీషను. హమాలి. దడ్వాయి. చాట.
ఎరువుల బాకీ, మిత్తి నూటికి మూడు,
మిత్తి మీద మిత్తి.
చివరి గడిల ఆమెకు రావాల్సినవి
పైసలు రాలిపోయి రూపాయిలైనయి,
ఆమె కట్టాల్సినవి
పదికి పెరిగినయి.
పక్క పేరు చూసిన, ఆ కింది పేరు చూసిన.
ఎవ్వల లెక్కయినా సరే
అటే ఒరిగింది.

అన్ని ఊర్లనూ పెన్‌డ్రైవులకు ఎక్కించిన.
ఎందుకో అడగలేదు యాకూబ్.
నాకూ తెల్వదు.
జాగ అయింది. గీత పాకుడు మొదలుపెట్టింది.
తొంభై ఒకటి కాడ కరెంటు పోయింది,
యూపీఎస్ కోడిపిల్లలెక్క అరిచింది,
నేను స్విచ్చు బోర్డును మొక్కిన,
సిగ్గులేకుండ.

ఎక్కింది.

మొదలు ఏం అడగాలె?
పుస్తకంల ఉన్నవన్నీ మరిచిపోయి
ఒకటి బై మూడు అని కొట్టిన.
మా కిరాణం కాలిక్యులేటర్ అయితే
మూడు, మూడు, మూడు అనుకుంట ఉరికి
జాగ ఒడిసిన కాడ తెంపుకుంటది.
ఇది ఒకటి బై మూడు అనే అన్నది.
రెండుకు వర్గమూలం అంటే
రెండుకు వర్గమూలం అన్నది.
కొసరడం రాదు, కోయడం రాదు,
ఉన్నదాన్ని ఉన్నట్టే ఎత్తుకొని కూసుంటది
దించమనేదాక.

సక్కి మిత్తి అడిగిన.
ఒక్క రూపాయికి,
నూటికి మూడు చొప్పున, పదకొండు నెలలకు.
తెర ఈ కొస నుంచి ఆ కొసకు
ఒక పొడుగు భిన్నం.
కింద, ఒకటి పక్కన
ఇరవై రెండు సున్నలు.
ఒక్క సున్న గూడ రాలలేదు.

యాకూబ్ వేలుపెట్టి లెక్కపెట్టిండు,
రెండుసార్లు.
"ఇంత పొడుగు తక్‌పట్టీ
ఏ కాగితం మీద రాస్తరక్కా?"

స్క్రూలు బిగించిండు. ఒకటి మిగిలింది,
జేబుల వేసుకున్నడు.
నా కూలి మూడువందల యాభై అయితది గని
రౌండు చేసి మూడువందలియ్యి అన్నడు.

ఫ్యాను తిరిగింది.
ఇంకా ఎక్కడనో మిగిలే ఉన్నది తేజ.
మళ్ళ తుమ్మిన.